నేను వెతికిన చిరుత

విశాఖలోని మధురవాడ జనాన్ని రెండు రోజులపాటు తలుపులు బిగించుకుని కూర్చోబెట్టిన ఘనత తుఫానులకు ఉంది, ఆ తర్వాత నాకే ఉంది. నవ్వకండి. ఆరోజు మీరు అక్కడ ఉంటే మీరూ గొళ్ళెం పెట్టుకునేవారే.

అప్పుడు నేను ఫారెస్టు గార్డు ఉద్యోగానికి శిక్షణలో ఉన్నాను. మాది కూర్మన్నపాలెం. నాన్నలాగే స్టీలు ప్లాంటులో కుదురుకుంటానని అందరూ అనుకుంటే, జంతువులను కాపాడతానని బయల్దేరాను. శిక్షణ ముగిశాక కొందరిని మధురవాడ వెనక కొండకు, మిగతావాళ్ళను దూరపు ఏజెన్సీ అడవులకు వేస్తారు. నాకు కొండే కావాలి. అక్కణ్ణించైతే సాయంత్రం బస్సెక్కి, అమ్మ చేసే చేపల పులుసు చల్లారకముందే ఇల్లు చేరొచ్చు. దేశసేవ వెనక ఇలాంటి కారణాలు చాలా ఉంటాయి.

"ఎవరి కెమెరాలో మంచి జంతువు పడితే వాళ్ళకే కొండ," అని మా రేంజరు మేడమ్ ప్రకటించారు. చెట్టుకు కట్టే ఆ కెమెరా, ముందు ఏది కదిలినా దానంతటదే ఫోటో తీస్తుంది. కట్టాక మనమే జంతువులా నాలుగు కాళ్ళ మీద దాని ముందు నడిచి, పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. తర్వాత ఆ ఫోటో చెరిపెయ్యాలి. ఈ చివరి మాట మేడమ్ మరీ మరీ చెప్పారట. నాకు వినబడిన గుర్తు లేదు.

నా జోడీ అప్పలరాజు. ఇద్దరం కెమెరా పట్టుకుని గెడ్డ దాటుతుంటే నేను కాలు జారి నీళ్ళలో పడ్డాను. ఖాకీ ప్యాంటు తడిసి ముద్దయింది. సంచిలోని లుంగీ తీసి చుట్టుకున్నాను. పూర్ణా మార్కెట్లో కొన్న నల్లచుక్కల దుప్పటి పాతబడితే, అమ్మ కత్తిరించి కుట్టిన లుంగీ అది. పొద్దు వాలుతోంది.

"నడు బావ," అన్నాడు అప్పలరాజు.

నడిచాను.

"ఏటది, మేకలాగ? పులిలాగ నడు! నడుం ఊపాల!"

ఊపాను. గాండ్రించాను కూడా. అంతలో వాన దంచికొట్టింది. ఇద్దరం పరుగో పరుగు. ఆ వానలో నా పులినడక సంగతి ఇద్దరి బుర్రల్లోంచీ కొట్టుకుపోయింది.

తర్వాతి వారం కెమెరాలోని కార్డు తెచ్చి మేడమ్ ముందు చూస్తే ఒకే ఒక్క ఫోటో. మసక వెలుతురు, తల కనబడదు, నల్లచుక్కల వెనకభాగం మాత్రం నిండుగా ఉంది.

"సిరత! బావ, కొండ మనదే!" అని గంతేశాడు అప్పలరాజు.

"మగదే," అన్నాను నేను, నిపుణుడిలా గడ్డం నిమురుకుంటూ. "బాగా బలిసింది."

"రూఢి అయ్యేదాకా ఎవరికీ చెప్పకండి," అన్నారు మేడమ్. నేను ఎవరికీ చెప్పలేదు. మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టానంతే.

అది ఫోన్లు మారి మారి, మర్నాటికి మధురవాడ మూతపడింది. వాకింగు చేసేవాళ్ళు డాబాల మీదే గుండ్రంగా తిరిగారు. మేం కర్రలు పట్టుకుని కొండంతా గాలించాం. అందరికన్నా ముందు నేను, భుజాన సంచితో.

"పులి దొరికిందేటి బాబూ?" అని కిటికీలోంచి ఒక పెద్దాయన అడిగాడు.

"దగ్గర్లోనే ఉందండి," అన్నాను.

రెండో రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అందరూ వినాలని స్పీకరు పెట్టాను. పక్కనే మేడమ్.

"ఒరే, పులి ఫోటో సూసాను."

"ఎలాగుందమ్మా?"

"పులి సంగతి నాకేటి తెలుసు గానీ, దాని ఎనకాతల నాను ఏసిన మాసిక ఉంది. నీ లుంగీ పులికెందుకిచ్చావురా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళున్నారు. సంచిలో పులిని పెట్టుకుని కొండంతా వెతికినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. సిగ్గుతో చచ్చిపోయాను. పులుసు మీద ఆశ వదులుకుని, ఏజెన్సీకి పెట్టె సర్దుకున్నాను.

మర్నాడు మేడమ్ పిలిచారు. నవ్వాపుకోలేక ఆవిడ మొహం ఎర్రబడింది. "ఈ రెండు రోజులూ కట్టెలు కొట్టేవాడు ఒక్కడూ కొండెక్కలేదయ్యా. మా గస్తీ వల్ల కానిది నీ లుంగీ వల్ల అయింది. కొండ నీకే."

కాబట్టి అమ్మ పులుసు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో చుక్కల బట్ట కట్టి కెమెరా ముందు నాలుగు కాళ్ళ మీద నడవను. ఇప్పుడు గళ్ళ లుంగీ కొనుక్కున్నాను. గళ్ళ జంతువు ఏ అడవిలోనూ లేదని కనుక్కున్నాకే.