మెల్లిగా గారి వాల్యూమ్

శబ్దం ఎక్కడ వినబడినా దాని చెవి మెలిపెట్టందే ఆయనకు అన్నం సయించదు. రోజంతా "మెల్లిగా, మెల్లిగా" అంటుంటారు కనుక ఆఫీసులో ఆయన మెల్లిగా గారు అయిపోయారు. మంగలి షాపులో సగం గడ్డంతో లేచి వెళ్ళి, రేడియో తగ్గించి వచ్చి మళ్ళీ కూర్చున్న మనిషి. పెళ్ళికి వెళితే ముందు మైకువాణ్ణి పలకరించి, తీరిక దొరికితే పెళ్ళికొడుకుని పలకరిస్తారు.

"నేను గురక పెడతానని ఆయనకు అనుమానం. ఎక్కడ నొక్కాలో తెలీక ఊరుకున్నారు" అని వాళ్ళావిడ అందరికీ చెబుతుంటుంది.

అది ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఫోనులో ఇచ్చే ఆఫీసు. మెల్లిగా గారు అక్కడ ప్రోగ్రామర్. ఆయన రాసిన ప్రోగ్రామ్ ఒకటి ప్రతి కంప్యూటర్‌లోనూ కూర్చుని, వాల్యూమ్‌ను తాను గీసిన గీత దగ్గరే నిలబెట్టేది. ఎవరైనా పెంచారా, మరుక్షణం దించేది. ఆయన దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయికి ఈ చాదస్తం మింగుడు పడలేదు.

"సార్, ఎవరి చెవి వాళ్ళిష్టం కదా?"

"ఇష్టమేనమ్మా. ఆ మాటే కాస్త మెల్లిగా చెప్పు."

ఇంతలో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్‌తో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ప్రోగ్రామ్ చతికిలబడింది. పాత వెర్షన్‌లో ఒక్క ఆజ్ఞ వేస్తే మిషనంతా వినేది. కొత్తదాంట్లో ఆ ఆజ్ఞ వేసిన ప్రోగ్రామ్ గొంతు మాత్రమే మారుతుంది; మిగతావి వాటి మానాన అవి అరుస్తుంటాయి.

"ఇంటిపెద్ద గదమాయిస్తే ఇంటిల్లిపాదీ నోరుమూసుకునే రోజులు పోయాయమ్మా! ఇప్పుడు గదమాయించినవాడి నోరే మూతపడుతోంది" అని నిట్టూర్చారాయన.

ఆఫీసంతా సంబరపడింది, ఒక్క అక్కయ్య తప్ప. అక్కయ్యంటే ఫోన్ల దగ్గర అందరికంటే పెద్దావిడ. పాపం, "ఆఁ? ఏమన్నారూ?" అంటూ అడిగిందే అడగసాగింది. పంటి నొప్పి అన్నవాణ్ణి కంటి డాక్టరు దగ్గరికి పంపింది. అతగాడు వచ్చి నానా గొడవా చేసి వెళ్ళాక మేనేజరు, "ఇక ఆవిణ్ణి ఫోన్ల మీద ఉంచలేం. ఫైళ్ళ గదికి పంపిద్దాం" అన్నాడు.

ఆ మాట విన్న మెల్లిగా గారు భోజనానికి లేవలేదు. "పాత మిషను మీద ఓసారి నడిపి చూడమ్మా, తేడా ఎక్కడుందో" అన్నారు తలెత్తకుండా. మూలకు నెట్టిన పాత కంప్యూటర్లలో ఒకదాని ముందు అమ్మాయి కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పాత కాల్ రికార్డింగ్ ఒకటి నొక్కింది.

"హలో!" అన్న కేకకు కుర్చీతో సహా వెనక్కి పోయింది.

"సార్! చెవులు చిల్లులు పడ్డాయి! మీ ప్రోగ్రామే ఫుల్లుగా పెట్టేసింది!"

"మెల్లిగా అమ్మా, మెల్లిగా." ఈసారి అది బతిమాలినట్టుంది. "అది అక్కయ్య మిషను. ఆవిడకి వినికిడి తగ్గింది, పాపం ఆ సంగతి ఆవిడకే తెలీదు. అందుకే చుట్టూ ఉన్న రొద తగ్గించి ఆవిడది పెంచాను. ఒక్కరిదే ముట్టుకుంటే బయటపడిపోతుంది కదా. అందరిదీ ముట్టుకుంటే నా పిచ్చి కింద పోతుంది."

అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మరి మంగలి షాపు రేడియో సార్?"

"అది నిజంగా పిచ్చేనమ్మా."

అమ్మాయి కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. మిషనులో ఉన్నది ఏ వెర్షనో ముందుగా ప్రోగ్రామే కనుక్కోవాలి. పాతదైతే పాత ఆజ్ఞే వేయాలి. కొత్తదైతే ప్రోగ్రామ్‌ల జోలికి పోకుండా నేరుగా హెడ్‌ఫోన్ల వాల్యూమ్‌నే పట్టుకోవాలి. కిందామీదా పడి సాయంత్రానికి ఇద్దరూ సాధించారు.

మర్నాడు అక్కయ్య ఏ పేరూ రెండోసారి అడగలేదు. మేనేజరు వెనక నిలబడి కాసేపు విని, ఫైళ్ళ గది ఊసెత్తకుండా వెళ్ళిపోయాడు.

"ఏమేవ్ అమ్మాయ్," అంది అక్కయ్య టీ తాగుతూ, "ఫోన్ చేసినవాళ్ళందరికీ నిన్నటిదాకా జలుబులేమో, ఒకటే గొణుగుడు. ఇవాళ చూడు, అందరికీ గొంతులు ఎంత చక్కగా విప్పుకున్నాయో!"

మెల్లిగా గారు గబుక్కున మానిటర్ వెనక్కి తల దాచుకున్నారు.

"ఎండ కాస్తోంది కదక్కయ్యా" అంది అమ్మాయి.