అమ్మ నిలబెట్టిన లాప్‌టాప్

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న ఆఫీసులో ఎవరో పాత బుల్లి లాప్‌టాప్ తెరిస్తే అదే వాసన వచ్చింది, నేను లేచి బయటికి పోయాను.

దుమ్ముగూడెం దగ్గర మా ఊరి చర్చి దవాఖానాలో అమ్మ నర్సు. నాకు పదకొండేళ్లప్పుడు, వాకిళ్లలో ఆరబోసిన ఇప్పపూల తీపి వాసన ఇళ్లలోకి కూడా వచ్చే ఎండాకాలంలో, పిల్లల టీకాల వివరాలు ఎక్కించమని పై ఆఫీసు నుంచి అలాంటి లాప్‌టాపే ఒకటి వచ్చింది. తునికి పండ్లు ఏరుకొని, గోదావరి ఇసుకలో కాళ్లు కాల్చుకొని నేను దవాఖానా చేరేసరికి అమ్మ దాని ముందు చెమటలు కక్కుతూ ఉండేది. ఫారం పెద్దది, తెర చిన్నది. అన్నీ నింపాక నొక్కాల్సిన సేవ్ బటన్ తెర కింద ఎక్కడో ఉండిపోయేది, విండోను పైకి జరపబోతే జరిగేది కాదు. దాన్ని తయారుచేసిన మహానుభావులు తమ బల్లల మీది పెద్ద తెరలు తప్ప ఇంకేమీ చూసి ఉండరు. మా అమ్మ అవస్థ వాళ్లకేం పట్టింది?

వారం రోజులు కుస్తీ పట్టాక అమ్మే దారి కనిపెట్టింది. పొరపాటున మూడు మీటలు కలిపి నొక్కితే తెర మీది బొమ్మంతా పక్కకు తిరిగింది. లాప్‌టాప్‌ను కూడా పక్కకు తిప్పి, పాటల పుస్తకం తెరిచినట్టు ఒళ్లో నిలబెట్టుకుంది.

"ఇగో బిడ్డా, కిందిదాక కనబడ్తంది," అంది. ఆమె అంత గర్వపడటం నేనెప్పుడూ చూడలేదు. అప్పటినుంచి ఆమె పట్టుకోవడం, నేను మౌస్ నొక్కడం.

ఒకరోజు, నాలుగు గూడేలు నడిచి రాసుకొచ్చిన పిల్లల పేర్లన్నీ పొద్దున్నుంచి ఎక్కించి, సేవ్ నొక్కడానికి అప్పుడే లాప్‌టాప్ నిలబెట్టాం. పై ఆఫీసు సూపర్‌వైజర్ వచ్చాడు.

"ఏందమ్మా, గిట్ల పట్టుకున్నవ్?"

"సేవ్ కిందికున్నది సార్, గిట్ల పెడితెనే..."

ఆయన వినలేదు. చేతిలోంచి లాక్కొని ఆపేశాడు. పేర్లన్నీ పోయాయి. "రాకపోతే రాదని చెప్పాలె," అన్నాడు, సూదికోసం వరుసలో కూర్చున్న తల్లులందరి ముందు. లాప్‌టాప్ తీసుకుపోయి ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. మౌస్ పట్టుకొని నిలబడ్డ నాకు అంతా తెలుసు. అయినా నోరు పెగల్లేదు. ఆయన మీద ఎంత కోపమో నామీదా అంతే కోపం.

ఇప్పుడా దవాఖానా లేదు, ఇప్పపూలు ఆరబోసే వాకిళ్లూ లేవు, అంత చిన్న లాప్‌టాపులు ఎవరూ అమ్మడం లేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నిన్న భద్రాచలం బస్సుకు టికెట్ నువ్వే తీసుకో అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాను.

"నాకు రాదు గద బిడ్డా," అంది, దానివైపు చూడనైనా చూడకుండా.