ఈశాన్యం మూల బావి

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా ఆవిడ నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి వింటుంది. మీరూ అలాగే చదవండి. కానీ దెయ్యాలను మాత్రం ఎప్పుడూ నమ్మలేదు. నమ్మి ఉంటే ఈపాటికి వాటి మీద ఎన్ని కోతలు కోసేవాణ్ణో!

మస్కట్‌లో, రూవి అనే పేటలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఆఫీసు ఏసీ వేస్తే, ఏదో లారీ వస్తోందని కింద బస్సులు పక్కకు తప్పుకుంటాయి. కట్టబోయే ఇళ్లకు ప్లాన్లు గీయడం నా డ్యూటీ. పోయిన వేసవిలో మాత్రం, ఎప్పుడో కూలిపోయిన ఇంటికి గీయమన్నారు.

వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో బిషప్పులు, అంటే చర్చి పెద్దలు, జమీందారుల్లా ఊరూరా భవంతులు కట్టుకున్నారట. చాలావాటికి ఇప్పుడు ఆనవాలే లేదు. రాళ్లు ఊరివాళ్లు పట్టుకుపోయారు. మిగిలిన చోట గొర్రెలు మేస్తున్నాయి. అలాంటి ఒక భవంతి పునాదులను పాత కట్టడాలను పరిశోధించే అక్కడి మేడమ్ ఒకరు మిషన్లతో భూమిలోకి చూసి, కొలతలు మాకు పంపారు. వాటి ప్రకారం గీసి పంపాను.

మర్నాడు మా మేనేజరు రఫీ భాయ్, నిజామాబాద్ మనిషి, నా టేబుల్ మీద గుద్దాడు. ఒమన్ కొండలు కదిలాయి.

“ఈ బావి యాడికెల్లి వచ్చిందయ్యా? మేడమ్ కొలతల్ల లేదు గదా!”

చూశాను. ఈశాన్యం మూల, గుండ్రంగా, బావి.

నా వీసా రెన్యువల్ ఆయన సంతకం కోసమే ఆగి ఉంది.

“అలవాటు, భాయ్. ఈశాన్యం ఖాళీగా కనబడితే చెయ్యి ఊరుకోదు. వాస్తు.”

“బిషప్‌కు వాస్తేందయ్యా! ఇంకో తప్పు జేస్తివా, సామాను సదురుకో.”

తర్వాతి వారం మేడమ్ ఫొటో పంపారు. ఎందుకైనా మంచిదని ఆ మూల తవ్వించారట. గడ్డి కింద గుండ్రని రాతి వరస. బావే.

రఫీ భాయ్ సంతకం పెట్టేశాడు. ఇప్పుడు ఆఫీసులో నా పేరు సిద్ధాంతి. ఇవాళ పొద్దున ఇంకో బిషప్ ఇల్లు వచ్చింది.

“సిద్ధాంతీ, దీంట్ల బావి యాడుందో జెప్పు. మేడమ్ నిన్నే అడుగుతున్నది.”

ఇక కోతల సంగతి. బస్సులు, కొండలు మీరే తీసేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ఆ వాస్తు. ఉద్యోగం పోతుందన్న భయంలో నోటికొచ్చింది అనేశాను. ఆ బావి నేను గీయలేదు. నా కంప్యూటర్ ఇంకెవరూ ముట్టరు. ఫైలు పంపేముందు తీసిన ప్రింటు నా సొరుగులోనే ఉంది. అందులో ఈశాన్యం ఖాళీ. ఎలా వచ్చిందో ఇవాళ్టికీ తెలియదు.

కొత్త ఫైలు నా ముందే ఉంది. ఇంకా తెరవలేదు.