బందమ్మ బేస్‌లైన్

అనంతమ్మ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఆఫీసులో ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆమె బందమ్మ. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదున్న ఒక ప్రభుత్వ రంగ సంస్థ శాఖలో ఆమె ఇరవై రెండేళ్లుగా అటెండరు. సంస్థ పేరు మనకెందుకు, అందులో పనిచేసేవాళ్లే అప్పుడప్పుడు మర్చిపోతుంటారు. అటెండరంటే పర్మినెంటు కాదు, ఔట్‌సోర్సింగ్. ఏటా మార్చి నెలాఖరుకు ఆమె ఉద్యోగం చచ్చిపోతుంది, మేనేజరు సంతకం పడితే ఏప్రిల్ ఒకటిన మళ్లీ పుడుతుంది.

కింద మనిషి లేకుండా ఫ్యాను తిరిగినా, లైటు వెలిగినా ఆమె పోయి బంద్ చేసేది. కాపురానికొచ్చిన కొత్తలో రేషన్ గాసునూనె సీసా మీద బొగ్గుతో గీత గీసుకుని, రోజూ ఆ గీత దాటకుండా దీపం పెట్టుకున్న మనిషి మరి. గుమాస్తా దయాకర్ చాయ్‌కి పోయి వచ్చేసరికి ఆయన ఫ్యాను ఆగిపోయి ఉండేది. ఆయన కసురుకుంటే, "నువ్వు పోయినంక గాలి ఎవరికి సారూ, కుర్చీకా?" అనేది. బందమ్మ అని పేరు పెట్టింది ఆయనే.

నిరుడు దసరా సెలవులు కాగానే హైదరాబాదు పెద్దాఫీసు నుంచి ఒక సర్క్యులర్ దిగింది. భూమి వేడెక్కుతోందనీ, ప్రతి శాఖా తన కర్బన ఉద్గారాలు ముప్పై శాతం తగ్గించాలనీ అందులో ఉంది. ఆ మాట చెప్పడానికి నలభై ఆరు పేజీలు పట్టాయి, శాఖకు మూడు కాపీల చొప్పున పంపారు. మేనేజరు రమాకాంత్ సారు దీని మీద శిక్షణకు కూడా పోయొచ్చారు. పెద్ద హోటల్లో, శాలువా కప్పుకుంటే తప్ప కూచోలేనంత చల్లటి హాల్లో రెండు రోజులు భూమి వేడి గురించి విని, ఒక జనపనార సంచీ, అందులో ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చుకున్నారు. సారు రోజూ నగరం నుంచి కారులో ఒక్కరే వస్తారు. కానీ సర్క్యులర్‌తో వచ్చిన లెక్కల ఫారంలో ఆఫీసు బండికే గడి ఉంది, సొంత బండికి లేదు. గడిలో పట్టని పొగ పొగే కాదు గనక సారుకు ఆ బెంగ లేదు.

బెంగల్లా కరెంటు దగ్గర వచ్చింది. అప్పట్నుంచి డిసెంబరు దాకా కాలే కరెంటు బేస్‌లైన్, అంటే పోల్చి చూసే లెక్క. జనవరి నుంచి దానికంటే ముప్పై శాతం తగ్గించి చూపాలి, ఎక్కువ తగ్గించిన శాఖకు షీల్డు. సారు పాత బిల్లులు ముందేసుకుని చూస్తే తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. ఇంత తక్కువ ఎందుకు కాలుతోందని సీనియర్ అసిస్టెంటు సునందను అడిగితే, ఆమె దాపరికం లేకుండా అనంతమ్మ పేరు చెప్పింది.

సారు లోపలికి రమ్మన్నారంటే శభాష్ అంటారేమో అనుకుని అనంతమ్మ కొంగు సర్దుకుని పోయింది.

"చూడు అనంతమ్మా, డిసెంబరు దాకా నువ్వు ఏదీ బంద్ చెయ్యొద్దు."

"ఎవరూ లేకున్నా గూడనా సారూ?"

"ఎవరూ లేకుంటే ఇంకా మంచిది. ఇప్పుడు మస్తు కాలాలె. అప్పుడే జనవరిల తగ్గిందని చూపెట్టొచ్చు."

"తగ్గించేటందుకు పెంచుడేంది సారూ?"

"గది నీకు సమజ్ కాదు. చెప్పింది చెయ్. లేకుంటే మార్చిల నీ కాగితం మీద సంతకం పెట్ట."

ఆ సంతకం లేకపోతే ఏప్రిల్ నుంచి ఆమెకు జీతం లేదు. యాభై నాలుగేళ్ల మనిషికి కొత్తగా పనిచ్చేదెవరు? సరే సారూ అని బయటికొచ్చింది.

డిసెంబరు చలిలో ఆఫీసు ఏసీలన్నీ మోగాయి. సునంద శాలువా కప్పుకుంది, దయాకర్ మంకీ క్యాప్ పెట్టుకుని ఫైళ్లు రాశాడు. భూగోళాన్ని చల్లబరిచే పని అట్లా మా ఆఫీసు నుంచే మొదలైందని ఆయన వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పేవాడు. సాయంత్రం లైట్లన్నీ వెలుగుతుండగానే అనంతమ్మ తలుపుకు తాళం వేసేది. ఒక శనివారం అలవాటు చొప్పున చెయ్యి స్విచ్ మీదికి పోయింది, హాలంతా బంద్ అయింది. సోమవారం మెమో వచ్చింది. సంస్థ పర్యావరణ లక్ష్యాలకు భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వమని దాని సారాంశం. సునంద చదివి వినిపిస్తుంటే ఆమెకు నవ్వు రాలేదు. శేరిగూడ ఆటోలో ఇంటికి పోతూ, ఇరవై రెండేళ్లు చేసిన మంచి పని ఒక్క కాగితంతో తప్పయిపోయిందని ఏడ్చింది.

జనవరిలో సారు మళ్లీ పిలిచి, "ఇగ నీ ఇష్టం, బంద్ పెట్టు" అన్నారు. ఆమె ఆకలి మీదున్న మనిషి కంచం మీద పడ్డట్టు స్విచ్చుల మీద పడింది. అరవై ఒక్క శాతం తగ్గింది. లెక్క మార్చి మొదటి వారంలోనే తేల్చేశారు, షీల్డు ముందే చేయించి పెట్టారు గనక. రమాకాంత్ సారు పెద్దాఫీసులో దండ వేయించుకుని, ఇది సమష్టి కృషి అని మైకులో చెప్పారు. ఆ సమష్టి ఆ రోజు ఆఫీసులో చాయ్ గ్లాసులు కడుగుతోంది.

షీల్డుతో పాటు బహుమతిగా కొత్త మిషన్లు వచ్చాయి. మనిషి కదలిక చూసి వాటంతటవే లైటు వేస్తాయి, పది నిమిషాలు కదలిక లేకపోతే వాటంతటవే ఆర్పేస్తాయి. పాత స్విచ్చులన్నీ పీకి గోడలకు సిమెంటు పూశారు. ఆ వారమే సునంద ఆమెను పక్కకు పిలిచి చెప్పింది.

"అక్కా, బంద్ చేసేటందుకు మిషన్ వచ్చింది గదా, అటెండర్ అక్కర లేదని సారు రాసిండు."

అనంతమ్మ చేతి పుణ్యమా అని వచ్చిన మిషను ఆమె కూడే లాక్కుంది.

అయితే మిషన్ చేసినవాళ్లకు ఈ ఆఫీసు సంగతి తెలియదు. అక్కడ పది నిమిషాల్లో కదిలే మనిషెవరు? కిటికీలకు బీరువాలు అడ్డమున్న ఆ హాలు మొదటి రోజు పదకొండుకే చీకటైంది. దయాకర్ కునుకు తీస్తున్నాడు గనక ఆయనకు తేడా తెలియలేదు. పనుల మీద వచ్చినవాళ్లు తొంగిచూసి, ఆఫీసు సెలవనుకుని వెళ్లిపోయారు. సారు ఫోన్లో మాట్లాడుతూ ఎడమ చెయ్యి గాల్లో ఊపుకోవాల్సి వచ్చింది. పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు ఉత్తమ శాఖను కూచున్న చోటు నుంచి కదలకుండా చీకట్లోనే తనిఖీ చేసి, బాగుందని రాసిపోయారు. మిషన్ తీసేద్దామంటే షీల్డు పరువు పోతుంది.

మార్చి ముప్పై ఒకటిన సారు అనంతమ్మ కాగితం మీద సంతకం పెట్టారు. పని ఒక్కటే. పొద్దంతా హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి, లైట్లు ఆరకుండా చూడాలి.

ఏప్రిల్ ఒకటి నుంచి ఆమె నడుస్తోంది. మోకాళ్లు పట్టేస్తే చెయ్యి ఊపుతుంది. కుర్చీలు ఖాళీగా ఉన్నా నడవాల్సిందే, సారు ఎప్పుడు ఏ మూల నుంచి చూస్తారో తెలియదు.

ఒకనాడు మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయారు. సునంద ఫోను మర్చిపోయి వెనక్కి వచ్చేసరికి, అనంతమ్మ ఒక మూల టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా, ఊపిరి బిగబట్టినట్టు కదలక మెదలక కూచుని ఉంది. తలుపు దగ్గరి లైటు ఒక్కటే సునందను చూసి వెలిగింది. మిగతా హాలంతా అప్పటికే చీకటి.

"ఏమైందక్కా, పానం బాగ లేదా? అన్నం తినవా?"

"తింటె చెయ్యి కదుల్తది, లైటు పడ్తది" అంది అనంతమ్మ. "జర నువ్వు గూడ బయటికి పో బిడ్డా. కొలువైతే మిగిలింది గని బంద్ పెట్టే నా పని పోయింది. గీ అర్ధగంటన్న నన్ను చేసుకోనియ్యి."