తాతమ్మ చేతిలో ఏముండేది

మొదటి పాఠానికి హాజరైనవారు: ఆరేళ్ల మా అమ్మాయి, నాలుగేళ్ల మా అబ్బాయి, మా ఆవిడ, నేను. ఉన్న వస్తువులు: ఒక చాప, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పునీతుల పటాలు, నేను కంప్యూటర్లో తయారుచేసిన ఒక పట్టిక. వీధి అరుగు మీద, మాకు వీపు పెట్టి, మా నాన్నగారు.

మా ఆవిడది రాజోలు వైపు కథోలిక కుటుంబం. మేము మందిరం వాళ్లం, ప్రొటెస్టెంట్లం. మా గోడల మీద వాక్యం ఉంటుంది, బొమ్మ ఉండదు. పెళ్లయ్యాక తను మా మందిరానికే వస్తోంది. ఒక్కటే అడిగింది: తను చిన్నప్పుడు విన్న పునీతుల, అంటే సెయింట్ల, కథలు పిల్లలకూ తెలియాలని. నేను సరేనన్నాను. మందిరం పెద్ద అయిన నాన్నగారు ఒప్పుకోలేదు.

"ఇవాళ కథలంటారు, రేపు దణ్ణం పెట్టమంటారు. నా మనవలు ఆ పటాలకి చేతులు జోడించిన రోజున నేనీ ఇంట్లో ఉండను. కొత్తపేట మీ అక్క దగ్గరకి పోతాను" అన్నారు. ఆయన ఉత్తినే అనే మనిషి కాదు.

నేను సివిల్ డిప్లొమా చదివి, ఇళ్లు కట్టించే పనిలో ఉన్నవాణ్ణి. పట్టికలో నాలుగు గళ్లు పెట్టాను: పేరు, ఊరు, పని, చేతిలో వస్తువు. పేతురు చేతిలో తాళంచెవులు. తోమా చేతిలో మూలమట్టం, గోడ మూల సరిగ్గా వచ్చిందో లేదో తాపీమేస్త్రి చూసుకునేది.

"మీ మేస్త్రిల దగ్గర కూడా ఉంది కదా నాన్నా, వాళ్లూ పునీతులేనా?" అన్నాడు మావాడు.

"బిల్లు పెట్టేదాకా అంతేరా" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. "మీకు గళ్లు గియ్యడం ఒక్కటే వచ్చండీ. తోమాగారు మన దేశం దాకా అంతదూరం ఎందుకు వచ్చేరో చెప్పాలి కదా" అని కథ తనే అందుకుంది. అప్పటిదాకా చాప పుల్లలు పీకుతున్న పిల్లలు కదలకుండా విన్నారు.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. పటాలు ఒప్పుకోని మావాళ్లు కూడా ఆ రోజు తమవారి సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా నాయనమ్మ సమాధికి నాన్నగారే స్వయంగా సున్నం వేస్తారు. ఆ సాయంత్రం మా అమ్మాయి వెళ్లి ఆయన పక్కనే గొంతుక్కూర్చుని, సమాధి వైపు తిరిగి చేతులు జోడించింది.

మా ఆవిడ మొహం పాలిపోయింది. నేను ఒక అడుగు వేసి ఆగిపోయాను.

"తాతయ్యా, తాతమ్మ కూడా పునీతురాలేనా?"

"మనం అలా అనం తల్లీ."

"మరి కొవ్వొత్తులెందుకు పెట్టేరు?"

ఆయన పక్కకు ఒరిగిన కొవ్వొత్తిని నిలబెట్టారు.

"పోనీ, తాతమ్మ చేతిలో ఏముండేది?"

నాన్నగారు సున్నం అంటిన చేతిని పంచెకు తుడుచుకున్నారు.

"బియ్యం" అన్నారు. "పిడికెడు. కూలికెళ్లొచ్చి ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడిగేముందు ఓ పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఆదివారం మందిరానికి పట్టుకెళ్లేది. మేం ఆకలని ఏడ్చినా ఆ కుండ ముట్టనిచ్చేది కాదు."

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ? వచ్చేది. అందరాడవాళ్లూ అలా తెచ్చిన బియ్యం అమ్మిన డబ్బులతోనే మన మందిరానికి పునాది వేసేరు. ఆ రోజున పోయింది కోపం."

ఆ మందిరంలోనే నేను పెరిగాను. దాని పునాది సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాన్నగారు మనవరాలి జోడించిన చేతులు మెల్లగా విప్పి, వాటిలో ఒక కొవ్వొత్తి పెట్టారు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగారు.

"దణ్ణాలు మాత్రం వద్దమ్మా."

"ఆయ్, వద్దండీ మావయ్యగారూ. కథలే."

"కథైతే సరిగ్గా చెప్పాలి. నీ మొగుడికి చేతకాదు. రేపు కూర్చునేటప్పుడు నన్ను పిలు."

ఇప్పటికి పదకొండు కథలయ్యాయి. వాటిలో నాన్నగారు చెప్పినవి నాలుగు.