అంజమ్మ మేడం వెనక్కి తీసుకున్న రిపోర్టు

శంషాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంటు వెనక సందులో ఒక పాల డెయిరీ ఉంది. పదకొండు గేదెలు. పొద్దున ఆరూ నలభైకి ట్రాలీ ఆటోలో పచ్చజొన్న మోపులు దిగుతాయి. వాటిని మిషన్‌లో పెట్టి ముక్కలు చేస్తుంటే ఆ వాసన మూడో అంతస్తులోని మా బాల్కనీ దాకా వస్తుంది. తియ్యగా, వెనక కొంచెం చేదుగా ఉంటుంది. "ఎంత బాగుందో పెద్దమ్మా" అంటుంది మా చెల్లెలి కూతురు కాఫీ తాగుతూ. బాగుంటుంది, నిజమే. నేను మాత్రం లేచి రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి కిందికి చూస్తాను. కాడలు నడుమెత్తున ఉన్నాయా, మోకాలెత్తున ఉన్నాయా? పూత పట్టిందా? నిన్నగాక మొన్న వాన పడింది కదా, ఇది కోసిన మోడు మీద లేచిన పిలక కాదు కదా? ఈ ముసలమ్మ రోజూ తమ గడ్డిని ఎందుకు కొలుస్తుందో డెయిరీ వాళ్ళకు తెలియదు. ఈ చూపు నాకు నేర్పింది డాక్టర్ అంజమ్మ గారు. ఆవిడ పోయి వచ్చే శుక్రవారానికి ఐదు నెలలు.

ఆవిడ విశ్వవిద్యాలయంలో పశువైద్య విషశాస్త్రం ప్రొఫెసరు. పశువులు ఏ విషం వల్ల చచ్చిపోయాయో కనిపెట్టడం, చావకుండా ఏం చెయ్యాలో చెప్పడం ఆ శాస్త్రం పని. ఆ విభాగం ల్యాబులో ఊళ్ళ నుంచి వచ్చే నమూనాలు తీసుకుని రిజిస్టరులో రాసుకునే ఉద్యోగం నాది. మాది తెనాలి. పెళ్ళయి వచ్చి, నేను రిటైరయ్యేదాకా బుద్వేల్‌లో ఉన్నాం. ఆవిడది జల్‌పల్లి వైపు వ్యవసాయ కుటుంబం. నాకంటే ఆరేళ్ళు చిన్న. పేరు కొంచెం మార్చుకుంటే పేపర్ల మీద బాగుంటుందని ఎవరో సలహా ఇస్తే, "మా నాయినమ్మ పేరది. విషాల పేర్లు మాత్రం బాగుంటాయా?" అని నవ్వేశారట. పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలు ఆవిడ దగ్గర పనిచేశాను. కోళ్ళ దాణాలో పట్టే బూజు విషం మీద ఆవిడ చేసిన మొదటి పరిశోధన నుంచి, నేను రిటైరయ్యేనాటి విద్యార్థి పీహెచ్‌డీ దాకా అన్నీ నా రిజిస్టర్ల పక్కనే జరిగాయి.

ఆవిడ వచ్చిన మొదటి వారమే నా రిజిస్టరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"సుందరమ్మ గారూ, ఈ సీసా ఎప్పుడొచ్చింది?"

"నిన్న మేడం. తారీఖు వేశాను కదా."

"తారీఖు సరే. ఎన్ని గంటలకు?"

"మధ్యాహ్నం."

"పన్నెండా, మూడా? ఎండలో మూడు గంటలున్న పేగు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టిన పేగు ఒకటి కాదండీ."

నాకు చాలా కష్టంగా తోచింది. మా ఇంట్లో పాలు ఎన్ని నిమిషాలకు పొంగాయో కూడా చెప్పగలిగే మనిషిని నేను. మర్నాడు నా బల్లకు ఎదురుగా గోడ గడియారం వేలాడింది. దానితోపాటు ఒక నియమం వచ్చింది. ఫారంలో డాక్టరు సంతకం, నమూనా తీసిన టైము లేకపోతే తీసుకోకూడదు. అంతకుముందు ఏదో కేసులో సంతకం లేని ఫారం వల్ల కోర్టులో మా రిపోర్టు చెల్లలేదట. ఆ నియమం నాకు ఎంత నచ్చిందంటే, ఆవిడ పెట్టిందని కొన్నాళ్ళకు మరిచిపోయి, అది నా సొంత నియమమే అనుకున్నాను. ఫారం పట్టుకుని వచ్చినవాళ్ళు నా ముఖం చూసి జేబులో పెన్ను వెతుక్కునేవాళ్ళు. అది నాకు గర్వంగానే ఉండేది.

నా రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల ముందు, జూలై చివరలో ఒక మంగళవారం. విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండు మూడేళ్ళయింది. ఆ ఏడు తొలకరి పడి, ఇరవై రోజులు చినుకు లేక, మళ్ళీ రెండు రోజులు గట్టిగా కురిసింది. పొద్దున పదకొండూ పదికి శంషాబాద్ అవతలి ఊరి పశువుల దవాఖాన నుంచి అటెండరు నర్సింలు స్కూటర్ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, అంతకుముందు చాలాసార్లు వచ్చినవాడే. ప్లాస్టిక్ డబ్బాలో చచ్చిన గొర్రె పొట్టలోని మేత తెచ్చాడు.

"అమ్మా, మల్లేశ్ గొర్లు ఇరవై మూడు పడిపోయినయ్. ఉన్న కాడనే కొట్టుకొని సచ్చినయ్. జర జల్ది చూడుండ్రి."

ఫారం చూశాను. సంతకం లేదు, టైము లేదు.

"ఇలా తీసుకోలేను నర్సింలూ."

"సారు పరేషాన్ల మర్సిపోయిండు. ఇంకో ఊరికి వోయిండు. నేను వెట్టనా సంతకం?"

"మీరు పెడితే ఇద్దరం జైలుకు పోతాం. వెళ్ళి చేయించుకు రండి."

"డబ్బనన్న ఉంచుకోండ్రి."

"ఫారం లేని డబ్బా నా బల్ల మీద ఉండదు."

"మీరు మా అత్తకంటె గట్టిగున్నరమ్మా" అని అతను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. నేను రిజిస్టరులో 11.10, ఫారం అసంపూర్ణం, వాపసు పంపాను అని రాసుకున్నాను. అతను ఆరాంఘర్ రద్దీ దాటుకుని, డాక్టరు కోసం కాచుకుని, తిరిగి వచ్చేసరికి మూడూ ఇరవై ఐదు. అంతసేపూ డబ్బా స్కూటరు ముందు ఎండలో ఉంది. మూత సరిగ్గా బిగియలేదు. ఫారం మాత్రం నిండింది. డాక్టరు తొందరలో తాను సంతకం పెట్టిన టైమునే నమూనా తీసిన టైముగా వేశాడు. 2.30 అని. పదకొండింటికే నా కళ్ళముందున్న డబ్బా రెండున్నరకు తీసింది ఎలా అవుతుంది? ఆ తేడా నేను చూశాను. చూసి, ఫారం నిండింది కదా అని ఊరుకున్నాను.

లేత జొన్నలో, ఎండకు వాడి వానకు లేచిన పిలకలో ఒక్కోసారి సైనైడ్ పుడుతుంది. రైతులు దాన్ని నాము అంటారు. తిన్న పశువు నిమిషాల్లో పడిపోతుంది. ఆ విషం గాలిలో కలిసిపోయే రకం. వదులు మూత కింద, ఎండలో నాలుగు గంటలుంటే మిగలదు. ఈ సంగతి పద్దెనిమిదేళ్ళుగా వింటున్నదాన్ని. ఆ సాయంత్రం పరీక్షలో, సైనైడ్ తగిలితే ఎర్రబారాల్సిన పసుపు కాగితం పసుపుగానే ఉంది. ఫారంలోని రెండున్నర చూసి, నమూనా తాజాదే అనుకుని, మేడం రిపోర్టు మీద సంతకం చేశారు. సైనైడ్ లేదు, పురుగుమందుల ఫలితం ఇంకా రావాలి.

శుక్రవారం పొద్దున ఒకామె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పేరు సాయమ్మ. గొర్రెలు చచ్చింది వాళ్ళ పొలంలోనే. అంతకు వారం ముందు గొర్రెలు చేలో పడ్డాయని ఆమె భర్త బాలయ్య, మల్లేశ్‌తో నలుగురిలో గొడవపడి, "ఇంకోసారొస్తే చూస్త" అన్నాడు. ఇప్పుడు పైరుకు మందు పెట్టాడని మల్లేశ్ ఫిర్యాదు చేస్తే, గురువారం పోలీసులు అతన్ని తీసుకుపోయారు.

"మా అత్త మొదలే నాము అన్నది మేడం. ఊరోళ్ళు గూడ గట్లనే అన్నరు. మీ కాయితంల లేదని వచ్చింది. ఇగ మీ కాయితం మాటే నడిసింది" అందామె. కోపం లేదు, ఏడుపు లేదు.

మేడం వెంటనే తన ఊరి మాటలోకి మారారు. "పిలక ఎంత ఎత్తున్నది?"

సాయమ్మ చెయ్యి మోకాలి దగ్గర పెట్టి చూపించింది.

"కోసినంక మల్ల లేసిందా?"

"ఆ. వానలు వడంగనే లేసింది."

"తిన్నంక ఎంతసేపటికి వడ్డయ్?"

"మల్లేశ్ ముట్టిచ్చిన బీడి గూడ ఒడ్వలేదంట."

మేడం నా వైపు తిరిగి రిజిస్టరు అడిగారు. బీరువా నాలుగడుగుల దూరం. నడుస్తూనే నాకు అంతా తెలిసింది. పేజీ తీసి, ఆ వరస కింద వేలు పెట్టి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"పదకొండింటికి మన దగ్గరికొచ్చిన డబ్బాను రెండున్నరకు ఎలా తీశారు?"

"నేను చూశాను మేడం. ఫారం నిండింది కదా అని ఊరుకున్నాను."

ఆవిడ పెన్ను మూత పెట్టి, "పదండి" అన్నారు.

జీపులో ఆ ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. పొలం గట్టు మీద ఇరవై మంది దాకా పోగయ్యారు. మల్లేశ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మొన్న లేదంటిరి. ఇయ్యాల ఉన్నదంటరా? రేపొచ్చి ఇంకోటి చెప్తరు. మీ కాయితానికో దండం."

"మొన్న నేను తప్పు రాసిన మల్లేశ్. మా కాడ ఆలస్యమైంది, ఇసం ఎగిరిపోయింది. ఇయ్యాల నేను చెయ్య. నువ్వే చెయ్" అని ఆవిడ రెండు సీసాలు అతని చేతికిచ్చారు. బాలయ్య చేలోని పిలక ఆకులు ఒకదాంట్లో, పక్క చేలో పూతకొచ్చిన జొన్న ఆకులు ఇంకోదాంట్లో అతనే నలిపి వేశాడు. పరీక్షకు మేం తెచ్చిన మందునీళ్ళు పోసి, పసుపు కాగితాలు లోపల వేలాడేలా బిరడాలు బిగించాడు. అందరం నిలబడ్డాం. నెత్తిమీదుగా విమానం పోయింది, ఎవరూ తలెత్తలేదు. పన్నెండు నిమిషాలకు మొదటి సీసాలో కాగితం అంచు ఎర్రబారింది. అరగంటకు మొత్తం ఇటుక రంగు. రెండోది పసుపుగానే ఉంది.

"పురుగుమందు కోసం నీ గొర్రె పొట్టల మూడు దినాలు ఎతికినం, దొరకలే. అది గిట్ల ఎగిరిపోయేది గాదు" అన్నారు మేడం.

మల్లేశ్ సీసాను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "నా గొర్లయితే రావు గద" అన్నాడు. తర్వాత తనే, "స్టేషనుకు నేను గూడ వస్త" అన్నాడు.

పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఆవిడ చేత్తోనే రాశారు. మంగళవారం ఇచ్చిన రిపోర్టు తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, నమూనా తీసుకోవడంలో జరిగిన ఆలస్యానికి బాధ్యత నాది అని. నేను ఆపాను.

"మేడం, అది నాది."

"నియమం పెట్టింది నేను. మీరు పాటించారు."

"రెండున్నర చూసి ఊరుకుంది నేను."

ఆవిడ రాయడం ఆపి నా వైపు చూశారు. "అవును, అది మీదే. అది మీరే మోయాలి. కాగితం మీద సంతకం నాది, కాబట్టి ఇది నేను మోస్తాను."

ఓదార్చి ఉంటే నేను కొన్నాళ్ళకు మరిచిపోయేదాన్నేమో.

బాలయ్య బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటూ అడిగాడు. "పొలంల ఇసం వోతదా మేడం?"

"పూత దాంక ఆగు. పోతది."

"నా మీద వడ్డది? ఊర్లె పోరగాండ్లు గూడ ఇసం బాలయ్య అంటున్రు."

 

దానికి ఆవిడ జవాబు తర్వాత చేతల్లో వచ్చింది. ఆ మరుసటి నెల నుంచి ఆవిడ బాలయ్య పొలాన్నే పరిశోధనకు తీసుకున్నారు. అంతకంటే దగ్గరలో యూనివర్సిటీ పొలాలున్నాయి కదా అని పైవాళ్ళు అడిగితే, నాము పట్టిన నేల అదే అన్నారు. ప్రతి గురువారం మా జీపు ఊరంతా చూస్తుండగా అతని గట్టు దగ్గర ఆగేది. కొలబద్ద అతను పట్టుకునేవాడు, ఎత్తు నేను రాసేదాన్ని. వాన పడ్డాక ఎన్నో రోజున, ఎంత ఎత్తు పిలకలో ఎంత విషం ఉందో ఆవిడ తేల్చేవారు. నేను రిటైరయ్యేలోగా యాభై మూడు గురువారాలు. అదే ఏడు విభాగాధిపతి పదవికి పేర్లు చూసినప్పుడు, వెనక్కి తీసుకున్న రిపోర్టు ఆవిడ ఫైలులో పైనే ఉంది. పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఆవిడ ఆ గురువారం కూడా పొలానికే వచ్చారు. ఆ పని నుంచే జేబులో పట్టే పరీక్ష సీసా వచ్చింది. ల్యాబు దాకా తేకుండా, పశువు పక్కనే నిలబడి ఊరి పశువైద్యుడు చూసుకునేది. ఆవిడకు పేరు తెచ్చింది అదే. ఆ వ్యాసం చివర కృతజ్ఞతల్లో మొదటి పేరు బాలయ్యది. దాన్ని ఫ్రేము కట్టించి అతను ఇంటి ముందు గదిలో పెట్టుకున్నాడు. ఊళ్ళో మాట పూర్తిగా పోయిందని చెప్పను. తగ్గింది. ఇప్పుడు ఊళ్ళో అతన్ని పరీక్షల బాలయ్య అంటారట.

ఆవిడ సంతాప సభ విభాగంలోనే జరిగింది. వివరాలు నన్నే పంపమన్నారు. వ్యాసాలు నలభై ఒకటి, పీహెచ్‌డీ విద్యార్థులు తొమ్మిది మంది, సత్కారాలు మూడు. వెనక్కి తీసుకున్న రిపోర్టు ఒకటి అని కూడా రాశాను. వేదిక మీద చదివినాయన దాన్ని మర్యాద కోసం వదిలేశారు. నేను లేచి నిలబడి, ఆవిడ చేసిన పనుల్లో అది కూడా ఉందని చెప్పాను. పదకొండూ పది నుంచి మూడూ ఇరవై ఐదు దాకా, నాలుగు గంటల పదిహేను నిమిషాలు, ఆ ఆలస్యం నా వల్ల జరిగిందని, ఆవిడ ఇన్నేళ్ళలో ఎవరికీ నా పేరు చెప్పలేదని చెప్పాను.  ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది మంచిదే అయింది.

బయటికి వస్తుంటే, ఇప్పుడు నా బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి వెంట వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, పద్ధతైన మనిషిలా కనిపించింది.

"అయితే అమ్మా, ఫారం లేకుండా వస్తే తీసుకోమంటారా?"

"ముందు సీసా చేతిలోకి తీసుకో. మూత బిగించు. గడియారం చూసి టైము రాయి. ఆ తర్వాత ఫారం ఏదని ఎంత గట్టిగానైనా అడుగు."

"వాళ్ళు రాసిన టైము, నేను చూసిన టైము కలవకపోతే?"

"లోపలికి వెళ్ళి చెప్పు" అన్నాను. "అప్పటికప్పుడే చెప్పు."