కుడిచేతి గాజులు

చార్మినార్ దగ్గర బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ఒళ్ళో గాజుల మూట. నా ఒళ్ళో, ఎవరినీ అడగలేక దాచుకున్నట్టు పట్టుకున్న చందాల డబ్బా. మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగుల కోసం మన దగ్గరే ఒక వైద్య, పరిశోధన కేంద్రం కట్టాలని మేం కొందరం తిరుగుతున్న రోజులవి. ఆ నరాల జబ్బు నాకూ ఉంది. కుడిచేతికి స్పర్శ తెలియదు. అందుకే చేతిలోని కరపత్రాలు జారి కిందపడినా నాకు తెలియలేదు.

ఆమె ఏరి ఇచ్చింది. సంగతి చెబితే నా అరచేతిని ముడిచి చూసింది.

"గాజులుంటే చెయ్యి ఎటు కదిలినా ఇనబడ్తది బిడ్డా," అంటూ బిగుతు గాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. చివరికి ఆమే ఆశ్చర్యపోయింది. "ఒక్కపారన్న అమ్మా అనలే! గిసొంటి చెయ్యి రోజుకొకటి దొరికితే మస్తుండు!"

నా జబ్బు గురించి నేను నవ్వడం అదే మొదటిసారి.

"పైసలెంతమ్మా?"

"గా డబ్బాల ఎయ్యి. అడుగనీకి సిగ్గైతుందా? ఊపు మరి!"

ఊపాను. గాజులూ చిల్లరా కలిసి మోగితే బస్సంతా ఇటు తిరిగింది. "ఇయ్యుండ్రి అన్నా, దేదో భాయ్, నరాల బీమారి దవాఖానకు!" అని ఆమె బజారు గొంతుతో అందుకుంది. ముందుగా కండక్టరే వేశాడు.

ఇప్పుడు చందాలకు బయల్దేరే ముందు కుడిచేతిని చెవి దగ్గరికి తెచ్చి ఒకసారి ఆడిస్తాను. గలగలమంటుంది. ఉంది నా చెయ్యి.